ముఖ్య గమనిక: ఊపిరి నెమ్మదిగా తీసుకోండి

ఆ రోజు పొద్దున సుభాషిణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీకి వెళ్లాలి. ప్రీఫైనల్ పరీక్షకు ముందు సెకండియర్ బైపీసీ పిల్లలను కూర్చోబెట్టాలి. చేతిసంచిలోని చిన్న స్పీకరులో ఒక రికార్డింగ్ వినిపించాలి. తర్వాత ప్రశ్నపత్రాలు పంచాలి. ఇందులో ఎక్కడా ఫైరింజన్ లేదు.

ఆమె హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతుంది. దసరా సెలవుల్లో లెక్చరర్లకు జరిగిన శిక్షణలో ఒక పద్ధతి నేర్చుకుని వచ్చింది. పరీక్ష భయంతో ఉన్న పిల్లలకు మెల్లటి సంగీతం వినిపించాలి. దాంతోపాటు ఒక గొంతు వాళ్లను దగ్గరుండి నడిపించాలి. ఇప్పుడు భుజాలు వదులు చేయండి, ఇప్పుడు మీ ఊపిరిని గమనించండి, అలా. ఉత్త సంగీతం పెడితే పిల్లల మనసు తిరిగి తిరిగి పరీక్ష దగ్గరికే పోతుందనీ, మాట తోడుగా ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుందనీ అక్కడ చెప్పారు. సుభాషిణి అప్పుడు నమ్మలేదు. నవ్య విషయంలో చూశాక నమ్మింది.

నవ్యది వర్ధన్నపేట. కాలేజీ హాస్టల్లో ఉంటుంది. మామూలుగా అడిగితే పాఠమంతా అప్పజెప్పే పిల్ల, పరీక్ష అనేసరికి వాంతి చేసుకునేది. క్వార్టర్లీకి ప్రశ్నపత్రం చేతికి రాకముందే బాత్రూముకు పరుగెత్తింది. హాఫియర్లీకి అసలు హాలులోకే రాలేదు. "నేను ఈసారి రాయ మేడం. అవ్వతోని పత్తి ఏరపోత" అని స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆ మాట సుభాషిణికి రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. అప్పటినుంచి భోజనాల తర్వాత క్లాసంతటికీ వేణుగానం పెట్టి, పక్కన నిలబడి తన గొంతుతోనే ఆ మాటలు చెబుతూ వచ్చింది. నవ్య మెల్లగా కుదుటపడింది. చిన్న చిన్న టెస్టులు వాంతి లేకుండా రాసింది. ప్రీఫైనల్ కూడా రాయగలిగితే పబ్లిక్ పరీక్షకు కూర్చుంటానని మాట ఇచ్చింది.

సరిగ్గా అప్పుడే సుభాషిణి గొంతు పోయింది. డాక్టరు నోట్లోకి టార్చి వేసి చూసి, వారం పాటు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. "గుసగుస కూడ వద్దు మేడం. గుసగుసతోని ఇంక ఖరాబైతది" అన్నాడు.

ఇంట్లో ఇంకో గొంతు ఉంది. సమస్య కూడా అదే. ఆమె భర్త హరికృష్ణకు చౌరస్తా దగ్గర సౌండ్ సిస్టమ్ దుకాణం ఉంది. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిరిగి ప్రకటనలు చెప్పడం ఆయన వృత్తి. చీరల తగ్గింపు ధరలు, కుట్టు శిక్షణ కేంద్రాలు, నల్లా నీళ్లు రాని రోజులు అన్నీ వరంగల్ జనానికి ఆయన గొంతులోనే తెలుస్తాయి. వరదలు వచ్చిన ఏడాది కాలనీ కాలనీ తిరిగి "లోతట్టు ప్రాంతాల ప్రజలకు ముఖ్య గమనిక" అని చెప్పింది ఆయనే. ఆ గొంతు వినగానే బియ్యం బస్తా ఎత్తుకుని మేడ ఎక్కినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఆదివారం ఆయనతో రికార్డింగ్ చేయించడానికి సుభాషిణి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. తాను రాసిన మాటలు ముందు పెట్టి, పసిపిల్లను జోకొడుతున్నట్లు చేత్తో చూపించింది.

"జోకొట్టినట్టు నాకు రాదు సుభాషిణీ" అన్నాడు హరికృష్ణ. "మైకు ముంగట పెడితె గొంతు దానంతట అదే లేస్తది."

లేచింది. "విద్యార్థినీ విద్యార్థులకు ముఖ్య గమనిక" అని మొదలుపెట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోసారి మెత్తగా మొదలుపెట్టి, రెండో వాక్యానికి వరదల్లోకి వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు చెప్పించినా ఆ ముఖ్య గమనిక ఎక్కడో ఒకచోట దూరుతూనే ఉంది. చివరికి సుభాషిణి నుదురు పట్టుకుని కూర్చుంది. వినేది తన క్లాసే కదా, మాటలు పిల్లలకు అలవాటైనవే కదా అని సరిపెట్టుకుంది.

ఆ పొద్దున ఆయన పెన్‌డ్రైవ్ చేతికిస్తూ, "రెండుసార్లు వచ్చేటట్టు పెట్టిన, కండ్లు తెరువుమనుడు ఆఖర్ల ఒక్కసారే. ఒక్కసారి ఇంటె ఎవలకు ఎక్కుతది" అన్నాడు. సంజాయిషీ అడిగే గొంతు లేక ఆమె బస్సెక్కింది.

కాలేజీ గేటు దగ్గరే ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్ ఎదురయ్యాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ మంచి పని కనబడినా దాన్ని పెద్దది చేయకుండా ఉండలేడు, అంతే. ఒక పిల్లవాడు తన పుట్టినరోజుకు మొక్క నాటితే, మర్నాటి నుంచి ఎవరి పుట్టినరోజూ లేకపోయినా అందరితో గుంతలు తవ్వించాడు. ఆమె చేతిలో పెన్‌డ్రైవ్ చూసి, సంగతి ఇంకో లెక్చరరు ద్వారా తెలుసుకుని, ముఖం వెలిగించాడు.

"ఒక్క మీ క్లాసుకే ఎందుకు మేడం? ఎంపీసీ పిల్లలు ఏం పాపం చేసిండ్రు? మైకుల పెడదాం. మూడు ఫ్లోర్లకు ఇనబడ్తది."

సుభాషిణి గట్టిగా తల ఊపి, ఒక్క గది చాలు అన్నట్లు గాలిలో వేలితో చిన్న గుండ్రం గీసింది.

"మొత్తం అంటాన్రా? నేను గూడ అదే అంటాన్న."

ఆమె గబగబా ఫోన్‌లో 'వద్దు సార్, నా క్లాసుకే' అని కొట్టి ముందు పెట్టింది. ఆయన జేబులు తడుముకున్నాడు. కళ్లద్దాలు పైన గదిలో ఉన్నాయి. "తర్వాత చదువుత మేడం" అని పెన్‌డ్రైవ్ తీసుకుని అటెండరు కొమురెల్లి చేతిలో పెట్టాడు.

"ఇగో, ఇది మైకుల పెట్టి రూముకు తాళం ఎయ్యి. లేకపోతె పిల్లగాండ్లు పోయి సినిమా పాటలు పెడ్తరు. తాళమేసి జిరాక్సు కాడికి పోయి పరీక్ష పేపర్లు పట్కరా."

"ఏ స్విచ్చిలు ఎయ్యాలె సార్?"

"అన్నీ ఎయ్యి."

ఆ అన్నింటిలో ఒకటి డాబా మీది హారన్లది. జెండా పండుగలకు వాడే ఆ రెండు పెద్ద హారన్ల మూతులు మెయిన్‌రోడ్డు వైపు తిరిగి ఉంటాయి. ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు గుర్తులేదు. కొమురెల్లికి గుర్తుంది గానీ, అన్నీ అంటే అన్నీ అనుకున్నాడు.

క్లాసులో మాత్రం అంతా బాగానే మొదలైంది. గోడకున్న చిన్న బాక్సులోంచి వేణువు సన్నగా వచ్చింది. హరికృష్ణ గొంతు వినగానే ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నారు కానీ, మాటలు రోజూ వినేవే కావడంతో కాసేపటికి తలలు బెంచీల మీదికి వాలాయి. "బయట ఏ శబ్దం వినిపించినా పట్టించుకోకండి. అది వస్తుంది, పోతుంది" అంది గొంతు. ఏడాది పొడుగునా ఎవరు చెప్పినా ఏ మాటా వినని ఆ క్లాసు, ఆ ఒక్క మాటను అక్షరాలా పాటించింది. మూడో బెంచీలో నవ్య నుదుటి మీది ముడి విడిపోవడం చూసి సుభాషిణి మనసు తేలికపడింది.

రోడ్డు మీద వేరే కథ నడుస్తోంది. ఆ హారన్లలో వేణువు కాస్తా సన్నని సైరనులా మారింది. గొంతుకు మాత్రం ఏమీ కాలేదు.

"ముఖ్య గమనిక. ఎవరూ భయపడవద్దు. ఎక్కడివారు అక్కడే కూర్చోండి. కళ్లు మూసుకోండి. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి."

గేటుకు ఎదురుగా బండి మీద జామకాయలు అమ్మే పూలమ్మ తూకం ఆపేసింది. "ఇది వరదలప్పటి గొంతు గదా" అంది.

కాయలు కొంటున్న ఆయన ఆకాశం వైపు చూశాడు. "వాన లేదు గదక్కా."

"వాన గాకపోతె ఇంకేందో ఉన్నది. ఊపిరి మెల్లగ తీస్కొమ్మంటాండు. గాలి మంచిగ లేనట్టున్నది."

కాలేజీ ప్రహరీ పక్కనే కెమిస్ట్రీ ల్యాబు. దాని కిటికీలోంచి కుళ్లిన గుడ్ల కంపు రావడం ఆ వీధికి కొత్త కాదు. ఆయన ముక్కు ఎగబీల్చాడు. "వాసనొస్తాంది."

"అది రోజు వచ్చేదే."

"ఇయ్యాల ఎక్కువున్నది" అన్నాడాయన. అలా అనుకున్నాక పూలమ్మకు కూడా ఎక్కువగానే అనిపించింది.

నవ్య తల్లి రాజక్క అప్పుడే ఆటో దిగింది. పరీక్ష రోజు బిడ్డ కడుపులో ఏమీ నిలవదని పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే బస్సుకు వచ్చింది. పూలమ్మ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, లోపలికి పోకు. గ్యాస్ లీకైంది."

"ఎవలన్నరు?"

"మైకుల చెప్తాండు, ఇనబడ్తలేదా?"

రాజక్క చెవి పెట్టింది. "మీ కాళ్లు బరువెక్కుతున్నాయి. మీ చేతులు బరువెక్కుతున్నాయి" అంది హారను. రాజక్క కాళ్లు నిజంగానే బరువెక్కాయి. అయినా ఈడ్చుకుంటూ గేటు దాటింది. ఈడ్చుకుంటూనే వర్ధన్నపేటలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ తమ్ముడు ఇంకో ఇద్దరికి చేశాడు. కాసేపట్లో తల్లిదండ్రుల వాట్సప్ గ్రూపులో 'కాలేజీలో గ్యాస్, పిల్లలు లేస్తలేరు' అని వచ్చింది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

ఆపడానికి గేటు దగ్గర కొమురెల్లి లేడు. రాజక్క నేరుగా కింది అంతస్తు కిటికీ దగ్గరికి వెళ్లి లోపలికి చూసింది. క్లాసు క్లాసంతా బెంచీల మీద వాలి ఉంది. ఒక పిల్లవాడి నోరు తెరుచుకుని ఉంది. మూడో బెంచీలో తన బిడ్డ జడ కిందికి వేలాడుతోంది. అదే సమయానికి డాబా మీంచి, "ఇక మీరు చేయవలసింది ఏమీ లేదు. అన్నీ వదిలేయండి" అని వినబడింది.

రాజక్క వేసిన కేకకు రోడ్డు మీద బండ్లు ఆగాయి.

సుభాషిణి నోటి మీద వేలు పెట్టుకుని వరండాలోకి ఉరికింది. అప్పటికే రోడ్డు మీది జనం లోపలికి వచ్చేశారు.

"మేడం, పిల్లలకేమైంది?" అని రాజక్క ఆమె భుజాలు పట్టి కుదిపింది.

సుభాషిణి డాక్టరు మాట మరిచిపోయి, పడుకున్నారు అని చెప్పడానికి నోరు తెరిచింది. గాలి లేని సైకిల్ పంపు కొట్టినట్లు ఒక చప్పుడు మాత్రం వచ్చింది.

"అయ్యో, మేడం గొంతు పోయింది" అంది పూలమ్మ. "గ్యాస్ మింగినట్టున్నది."

తర్వాత జరిగినవాటిని సుభాషిణి ఆపలేకపోయింది. గ్యాస్ ఉందని రాజక్కను గదిలోకి పోకుండా నలుగురు పట్టుకున్నారు. ఇద్దరు ఆమెను రెక్కలు పట్టి చెట్టు కిందికి లాక్కుపోయారు. ఒకరు నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించారు. ఒకామె ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టి, తర్వాత గట్టిగా చేతిలో పెట్టి పిడికిలి మూసింది. ఫోన్‌లో రాసి చూపిద్దామంటే, తడిసిన తెర మీద ఏ అక్షరం నొక్కినా ఇంకేదో పడుతోంది. 'పిల్లలు బాగానే ఉన్నారు' అని రాయబోతే 'పిల్లలు బా' దగ్గర తెర బిగుసుకుపోయింది. అది చదివినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ఓంప్రకాశ్ మెట్లు దిగి వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. "ఏం కాలేదు. ఏమీ కాలేదు. అందరు ఇండ్లకు పోండి."

"ఏం కాకపోతె భయపడొద్దని ఎందుకు చెప్తాన్రు?" అని ఒక తండ్రి అడిగాడు.

"అది పరీక్ష భయం గురించి."

"పరీక్షకు కండ్లు మూసుకొమ్మంటరా?"

ఓంప్రకాశ్ ఎత్తిన చేతులు దించాడు. ముందు మైకు ఆపుదామని గదికి పరుగెత్తాడు. తాళం వేసి ఉంది. కొమురెల్లికి ఫోన్ చేశాడు. తలుపు అవతల, చార్జింగుకు పెట్టిన ఫోన్ మోగింది. ఇక మెయిన్ స్విచ్ తీయించాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి, లైట్లు ఆరిపోయాయి, బోరు మోటారు ఆగింది. మైకు మాత్రం ఆగలేదు. కరెంటు పోయినా జెండా పండుగ ఆగవద్దని పోయిన ఏడు దానికి పెద్ద బ్యాటరీ పెట్టించింది ఆయనే.

"కరెంటు బంద్ చేసిండ్రు" అని జనంలో ఎవరో అన్నారు. "లోపల అంటుకుంటదని గావచ్చు."

ఫైరింజన్ వచ్చింది. అందులోంచి సాల్మన్ అనే అధికారి దిగాడు. నిదానస్తుడు. ఏ గ్యాసని ప్రిన్సిపాల్‌ను అడిగితే ఏ గ్యాసూ లేదన్నాడు. రాజక్కను అడిగితే నా బిడ్డ లేస్తలేదంది. సుభాషిణిని అడిగితే సైకిల్ పంపు కొట్టింది. ఆయన ఎవరితోనూ వాదించకుండా కెమిస్ట్రీ ల్యాబు తలుపు తీయించి లోపలికి తొంగిచూసి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఉన్నది" అన్నాడు.

"అది ఎప్పుడూ ఉంటది సార్" అన్నాడు ఓంప్రకాశ్.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. "ఎప్పుడూ ఉంటదా?" అని అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న తండ్రులు కూడా ముందుకు తోసుకొచ్చారు.

లోపలికి వెళ్లే దారి మూసుకుపోయింది. ఫైర్ సిబ్బంది జనాన్ని వెనక్కి నెట్టలేకపోతున్నారు. జనంలో ఒకాయనకు మంచి ఆలోచన వచ్చింది. తనకు తెలిసిన మైకు ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, కాలేజీ కాడ గ్యాస్ లీకైంది. జనం మీద మీద పడ్తాన్రు. జర వచ్చి చెప్పు" అన్నాడు. భార్య పనిచేసే కాలేజీ అని తెలియగానే హరికృష్ణ దుకాణం తలుపులు కూడా వేయకుండా బయలుదేరాడు. ఆ కంగారులోనూ మైకు ఆటోనే తెచ్చాడు. చౌరస్తా మలుపు తిరగ్గానే అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"ముఖ్య గమనిక. కాలేజీ ఆవరణలో గ్యాస్ లీకైనట్లు తెలుస్తోంది. ప్రజలు వెంటనే దూరంగా వెళ్లిపోవాలి."

"ఎక్కడివారు అక్కడే కూర్చోండి" అంది డాబా. రికార్డింగు రెండోసారి మొదలై కాసేపైంది.

"ఎవరూ ఆగవద్దు. వేగంగా నడవండి."

"కళ్లు మూసుకోండి."

జనంలో సగం మంది కూర్చున్నారు. సగం మంది పరుగెత్తారు. పరుగెత్తినవాళ్లు కూర్చున్నవాళ్ల మీద పడ్డారు. హరికృష్ణకు చిర్రెత్తుకొచ్చింది. "ఎవడయ్యా నా మీదికెల్లి మాట్లాడేది? గొంతు చూస్తె రోగమొచ్చినోని లెక్కున్నది" అని మైకులోనే అన్నాడు.

"కోపం వస్తే రానివ్వండి" అంది డాబా. "అది మబ్బులా వెళ్లిపోతుంది."

నెత్తి మీంచి నీళ్లు కారుతూ, చేతిలో ఉల్లిగడ్డతో సుభాషిణి జనాన్ని తోసుకుంటూ ఆటో దగ్గరికి వచ్చింది. ఆమె నడక చూసి జనమే దారి ఇచ్చారు. భార్యను ఆ వాలకంలో చూసి హరికృష్ణ మైకుతోనే ఆటో దిగాడు. ఆమె వేలితో డాబా చూపించింది. తర్వాత అదే వేలితో ఆయన గుండె మీద పొడిచింది. మళ్లీ డాబా చూపించింది. ఆయన మెడ వంచి విన్నాడు.

"అగో" అన్నాడు. "అది నేనే."

మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది కాబట్టి ఆ మాట వీధంతా విన్నది. కానీ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

ఫ్యాన్లు ఆగిన గదిలో పిల్లలు అప్పటికే చెమటకు కదులుతున్నారు. "ఇప్పుడు నెమ్మదిగా కళ్లు తెరవండి. చిరునవ్వుతో మీ చుట్టూ చూడండి" అని గొంతు చెప్పింది. చెప్పినట్టే కళ్లు తెరిచారు. కిటికీ నిండా ఏడుస్తున్న ముఖాలున్నాయి. తలుపు దగ్గర హెల్మెట్ పెట్టుకున్న ఒక ఫైర్‌మన్ ఉన్నాడు. డాబా మీద మైకు గరగరమని ఆగిపోయింది.

నవ్య అందరికంటే ముందు బయటికి వచ్చింది. రాజక్క బిడ్డను చూసి నవ్వబోయి నవ్వలేకపోయింది. పెరుగన్నం డబ్బా గుండెకు హత్తుకుని, గాలి అందనట్లు ఎగశ్వాస తీస్తూ గోడకు చేరగిలబడింది. నవ్య ముఖం పాలిపోయింది. ఆమె చెయ్యి తన కడుపు మీదికి పోవడం సుభాషిణి చూసింది. ఆ సైగ ఆమెకు బాగా తెలుసు. ఇంతకాలం పడిన శ్రమంతా పోయింది, ఈ పిల్ల ఇక పరీక్ష హాలు ముఖం చూడదు, ఈ ఊళ్లో ఒక్క మంచిపని సవ్యంగా చేయనివ్వరు కదా అనుకుంటే, ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అరవడానికి గొంతు కూడా లేదు.

నవ్య ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత చెయ్యి తీసి తల్లి పక్కన కూర్చుంది.

"అవ్వా, నాదిక్కు చూడు. భుజాలు కిందికి దించు."

"భుజాలు దించితె డబ్బ పడ్తది బిడ్డా."

"డబ్బ నాకియ్యి. ఇప్పుడు ముక్కుతోని గాలి తీస్కో. గంత జోరుగ వద్దు. మెల్లగ. ఇంక మెల్లగ. ఇగ ఇడిసిపెట్టు. నేనీడనే ఉన్న."

"నీకేం కాలేదా?"

"ఏం కాలె. పండుకున్న. ముందుగాల నువ్వు గాలి తీస్కో."

రాజక్క ఊపిరి దారికి వచ్చింది. పక్కన నిలబడి చూస్తున్న ఇంకో తల్లి తనకు తెలియకుండానే భుజాలు దించింది. సుభాషిణి అది చూసింది. భర్త చేతిలోంచి మైకు లాక్కుని తెచ్చి నవ్య ముందు పెట్టింది. క్లాసులో హాజరు పలకడానికే రెండుసార్లు గొంతు సవరించుకునే పిల్ల మైకు వైపు బెదురుగా చూసింది. సుభాషిణి రెండు చేతులూ జోడించింది. నవ్య మైకు తీసుకుంది.

"నా పేరు నవ్య. సెకండియర్ బైపీసీ. మాకు ఏ గ్యాసూ తగల్లేదు. పరీక్షంటె నాకు భయం. అందుకే మేడం మాకు పాట పెట్టి ఈ మాటలు చెప్తది. మేడం గొంతు పోయింది, అందుకే ఇయ్యాల మేడం వాళ్ల సారు చెప్పిండు. గంతే." ఆగి, జనాన్ని చూసింది. "మీరందరు జర కూసోండ్రి."

కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో వాళ్లకే తెలియదు. హరికృష్ణ ఆటోలోకి వెళ్లి తన ఫోన్‌లోంచి వేణుగానం పెట్టాడు. నవ్య రోజూ విన్న మాటలను తన యాసలో తనకు తోచినట్టు చెప్పుకుంటూ పోయింది. "పటపట పండ్లు కొరుకుడు బంద్ చెయ్యిండ్రి. నొసలు ముడి ఇప్పుండ్రి. పిల్లలు ఈడనే ఉన్నరు, యాడికి పోలె." పూలమ్మ తరాజు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. సాల్మన్ హెల్మెట్ తీసి ఫైరింజన్ మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆయన తల పక్కకు వాలింది. ఓంప్రకాశ్ కూడా ప్రయత్నించాడు గానీ, ఆయన భుజాలు ఎంతకీ దిగలేదు.

కొమురెల్లి జిరాక్సు కట్ట చంకలో పెట్టుకుని గేటులోకి వచ్చాడు. రోడ్డు మీదా మెట్ల మీదా జనమంతా కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారు. చెప్పులు విడిచి, తల వంచి, తానూ ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నాడు.

"ఎవలు పోయిండ్రు సార్?" అని చెవిలో అడిగాడు.

ఓంప్రకాశ్ చెయ్యి చాచి తాళంచెవి తీసుకున్నాడు.

పరీక్ష ఆలస్యంగా మొదలైంది. తడిచీరతో, జుట్టులో ఉల్లి వాసనతో సుభాషిణి హాలులో తిరుగుతూ మాటిమాటికీ మూడో బెంచీ వైపు చూసింది. నవ్య బాత్రూముకు లేవలేదు. తల ఎత్తలేదు. ఒకసారి మాత్రం చెయ్యి ఎత్తింది. సుభాషిణి ఒక్క అంగలో బెంచీ దగ్గరికి చేరింది.

"అడిషనల్ పేపర్ కావాలె మేడం" అంది నవ్య.

సుభాషిణి కాగితం ఇచ్చి, కిటికీ వైపు తిరిగింది. రోడ్డు అవతల రాజక్క జామకాయల బండి పక్కన కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్లకు ముక్కుతో గాలి ఎలా తీసుకోవాలో చూపిస్తోంది.

బయటికి వచ్చాక ఆ తల్లీబిడ్డలు చెట్టు కింద కూర్చుని పెరుగన్నం డబ్బా ఖాళీ చేశారు. "ఇగ పబ్లిక్‌కు గూడ రాస్త మేడం" అని నవ్య చేతులు కడుక్కుంటూ చెప్పింది, పెద్ద విషయం కానట్టు.

ఇంటికి వెళ్లే దారిలో హరికృష్ణ ఆటో నడుపుతూ రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. మూడోసారి, "నిజం జెప్పు, నా గొంతు రోగమొచ్చినోని లెక్కనే ఉన్నదా?" అని అడిగాడు. గొంతు లేకపోవడం ఎంత సుఖమో సుభాషిణికి ఆ రోజు మొదటిసారి తెలిసింది.

సాయంత్రం తల్లిదండ్రుల గ్రూపులో ప్రిన్సిపాల్ సందేశం పెట్టాడు. పిల్లల కంటే తల్లిదండ్రుల్లోనే ఆందోళన ఎక్కువగా ఉన్నట్లు యాజమాన్యం గుర్తించిందనీ, దాన్ని తగ్గించడానికి వచ్చే ఆదివారం కాలేజీలో సంగీతంతో కూడిన ప్రశాంతతా కార్యక్రమం ఏర్పాటు చేసిందనీ, తల్లీతండ్రీ ఇద్దరూ తప్పక హాజరు కావాలనీ, రానివారి పిల్లలకు హాల్‌టికెట్లు ఇవ్వబడవనీ అందులో ఉంది.

ఆ రాత్రి తల్లిదండ్రులెవరికీ నిద్ర పట్టలేదు.